పద్మిని స్టీరింగ్ రాడ్లు, ఎండ్‌లు: ఏది కొత్తది కొనాలి, ఏది పాతదే ఉంచాలి

ప్రీమియర్ పద్మిని కారు తయారీ ఆగిపోయి పాతికేళ్లు కావస్తోంది. అయినా మొన్నమొన్నటి దాకా దాని స్టీరింగ్ సామాను కోసం ఎవరూ పెద్దగా తిప్పలు పడలేదు. ముంబైలో కాలీపీలీ (నలుపు, పసుపు రంగుల) పద్మిని ట్యాక్సీలు తిరిగినన్నాళ్లూ వాటి కోసం తయారయ్యే సామానే దేశమంతా చేరేది. 2023 అక్టోబరు చివర్లో ఆఖరి పద్మిని ట్యాక్సీ కూడా రోడ్డు దిగిపోయింది. ఇప్పుడు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగినా, విజయవాడ ఆటోనగర్‌లో అడిగినా, చెన్నై పుదుపేటలో వెతికినా చేతికొచ్చేవి ఇవే: ఎప్పటిదో అట్టపెట్టెలో మిగిలిపోయిన పాత స్టాకు, పేరున్నదో లేనిదో కొత్త పీసు, తుక్కు కారు నుంచి విప్పిన ఒరిజినల్. ఇవేవీ వద్దనుకుంటే లేత్ షాపులో ఉన్నదాన్నే బాగుచేయించుకోవాలి. అదీ కుదరకపోతే వేరే కారు స్టీరింగ్ తెచ్చి అమర్చేవాళ్లూ ఉన్నారు.

ఈ ఐదింటిలో ఏది మంచిదన్నది భాగాన్ని బట్టి మారుతుంది. రాడ్ల చివర బాల్ జాయింట్ (గుంటలో తిరిగే గుండు) ఉన్న ఎండ్‌లు కొత్తవి కొనాలి. ఉత్త రాడ్లు పాతవే ఉంచాలి. ఐడ్లర్ ఆర్మ్ లేత్‌లో చేయించాలి. డ్రాప్ ఆర్మ్, స్టీరింగ్ ఆర్మ్‌ల విషయంలో ఒరిజినల్ తప్ప మరొకటి పెట్టకూడదు. "ఫుల్ సెట్ తీసుకోండి సార్, చవకలో ఇస్తా" అన్నాడని మొత్తం మార్చేస్తే మంచి రాడ్లు తుక్కులోకి పోతాయి, వాటి చోట నాసిరకం ఇనుము వచ్చి చేరుతుంది.

ముందు ఏది పోయిందో తేల్చుకోండి

పద్మిని ఇటలీ ఫియట్ 1100 వంశం. స్టీరింగ్ బాక్స్ నుంచి డ్రాప్ ఆర్మ్, రెండో పక్కన దానికి జోడీగా ఐడ్లర్ ఆర్మ్, ఈ రెంటినీ కలుపుతూ సెంటర్ రాడ్, అక్కడి నుంచి ఒక్కో చక్రం దగ్గరి స్టీరింగ్ ఆర్మ్‌కు ఒక్కో సైడ్ రాడ్. మూడు రాడ్లు, ఆరు బాల్ జాయింట్లు, ఒక ఐడ్లర్ బుష్. ఒక్కో జాయింట్‌లో అర మిల్లీమీటరు లూజున్నా అవన్నీ కలిసి, బాక్స్ నిష్పత్తితో హెచ్చి, స్టీరింగ్ వీల్ అంచు దగ్గర రెండు మూడు వేళ్ల ప్లే అవుతుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 98వ నియమం వీల్ దగ్గర 30 డిగ్రీల ప్లే దాకా ఒప్పుకుంటుంది. నలభై సెంటీమీటర్ల వీల్‌కు అది అంచున పది సెంటీమీటర్ల పైమాటే. చట్టం ఒప్పుకున్నా అంత లూజుతో హైవే ఎక్కకండి.

పరీక్షకు ఇద్దరు కావాలి. కారును జాకీ ఎత్తకుండా, చక్రాల మీదే నేల మీద నిలబెట్టాలి. ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడిస్తూ ఉండాలి. రెండోవారు కింద పడుకుని ఒక్కో జాయింట్ మీద చెయ్యి వేసి చూడాలి. బొటనవేలు ఎండ్ బాడీ మీద, చూపుడువేలు అది దిగిన ఆర్మ్ మీద ఉంచితే, రెంటి మధ్య కదలిక కంటికి కనబడకముందే వేళ్లకు తెలుస్తుంది. జాకీ ఎత్తి చక్రం వేలాడుతుండగా చూస్తే జాయింట్ మీద బరువు ఉండదు. అరిగినది కూడా అప్పుడు బాగానే అనిపిస్తుంది. సెంటర్ రాడ్‌ను ఐడ్లర్ దగ్గర పట్టుకుని పైకీ కిందికీ తోయడం మరిచిపోవద్దు. చాలా పద్మినిల్లో అసలు లూజు అక్కడే ఉంటుంది, డబ్బు మాత్రం ఎండ్‌ల మీద పోస్తుంటారు.

కింగ్ పిన్ (ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన పిన్ను) అరిగినా, వీల్ బేరింగ్ వదులైనా ఎండ్ పోయినట్టే అనిపిస్తుంది. ఈసారి జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ప్లే ఉంటే ఇంకొకరితో బ్రేకు తొక్కించి మళ్లీ ఊపండి. బ్రేకుతో పోతే అది బేరింగ్. పోకపోతే కింగ్ పిన్, లేదా అక్కడి బుష్‌లు. చక్రాన్ని ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడే ప్లే తెలుస్తోందంటే రాడ్ల వైపు చూడాలి. ఇవేవీ కాకపోతే స్టీరింగ్ బాక్స్. అయితే బాక్స్ అడ్జస్ట్‌మెంట్‌ను బిగించి ఎండ్‌ల లూజును కప్పిపుచ్చడం మన దగ్గర మామూలైపోయింది. అలా చేస్తే నేరుగా వెళ్లేటప్పుడు బాగుంటుంది, మలుపు తిరిగాక వీల్ తనంతట తాను వెనక్కి రాదు.

ఎండ్‌లు: పాత స్టాకా, కొత్త పీసా

ముప్పై ఏళ్ల నాటి పెట్టె చూడగానే చాలామందికి చెయ్యి ఆగదు. లోపలి ఉక్కు మంచిదే కావచ్చు, దాని మీది రబ్బరుకు మాత్రం వయసైపోయి ఉంటుంది. బూట్‌ను, అంటే జాయింట్ మీది రబ్బరు తొడుగును, రెండు వేళ్లతో మడిచి చూడండి. మడత దగ్గర సన్నని గీతల్లాంటి పగుళ్లు కనిపిస్తే అది మొదటి వానాకాలం కూడా దాటదు. లోపలి గ్రీజు కూడా నూనె విడిపోయి, సబ్బు ముద్దలా మిగిలి ఉంటుంది. నిపిల్ (గ్రీజు ఎక్కించే మూతి) ఉన్న రకమైతే కొత్త గ్రీజు ఎక్కిస్తూ, స్టడ్‌ను (బాల్ నుంచి బయటికి వచ్చి ఆర్మ్‌లో దిగే కడ్డీ) తిప్పుతూ, పాత గ్రీజు పూర్తిగా బయటికి వచ్చేదాకా తోయవచ్చు. నిపిల్ లేని సీల్డ్ రకమైతే బూట్ విప్పి, స్టడ్ మెడ చుట్టూ కొత్త గ్రీజు పెట్టి, కొలతకు సరిపోయే కొత్త బూట్ వేయాలి. బూట్ కింద బాల్ మెడ మీద తుప్పు గుంటలు కనిపించాయా, ఆ పీసు ఎంత ఒరిజినల్ అయినా వదిలేయండి. ఆ గుంటలు నెలల్లోనే బాల్ తిరిగే సీటును గీరేస్తాయి. పగులు కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

పాత స్టాకులో ఒక గొప్ప సుగుణం ఉంది: కొలతలు. అది ఆ కారు కోసమే చేసిన పీసు కాబట్టి టేపర్ (స్టడ్ సన్నబడుతూ పోయే వాలు), త్రెడ్, ఎత్తు సరిపోతాయన్న భరోసా ఎక్కువ. కొత్త పీసుల్లో దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే. తయారీదారు పేరు, బ్యాచ్ గుర్తు పీసు మీదే అచ్చయి ఉన్నవి, రానే లాంటి స్టీరింగ్ సామాను కంపెనీలవి దొరికితే మొదట అవే తీసుకోవాలి. పెట్టె మీద పేరుండి పీసు మీద ఏ గుర్తూ లేకపోతే ఆ పేరును లెక్కలోకి తీసుకోకండి. పెట్టెలు అచ్చువేయడం తేలిక.

బాడీని దగ్గరగా చూడండి. ఫోర్జ్ చేసిన (కాల్చి అచ్చులో కొట్టి చేసిన) ఎండ్ పక్కన వెడల్పుగా, కత్తిరించినట్టున్న గీత ఉంటుంది. పై భాగం నున్నగా ఉంటుంది. పోత పోసినదానికి గీత సన్నగా, ఒళ్లు ఇసుక గరుకుతో ఉంటుంది. అనుమానమైతే దారానికి వేలాడదీసి చిన్న సుత్తితో తట్టండి: ఫోర్జ్ చేసిన ఉక్కు ఖంగుమంటుంది, పోత ఇనుము మొద్దుగా పలుకుతుంది. పోతదాన్ని కొనవద్దు. కొట్టుకుంటే వంగకుండా విరిగేది అదే.

తర్వాత స్టడ్‌ను చేత్తో ఆడించి చూడాలి. కొత్త ఎండ్‌లో స్టడ్ బిగుతుగా, చుట్టూ ఒకే తీరుగా కదలాలి. ఒకచోట పట్టేసి ఇంకోచోట జారితే బాల్ గుండ్రంగా లేదని అర్థం. మరీ రాయిలా బిగుసుకుపోయినదీ పనికిరాదు. అలాంటివి ఆరు వేస్తే మలుపు తర్వాత స్టీరింగ్ సగంలోనే ఆగిపోతుంది. స్టడ్ ఎంత వాలుతుందో పాత ఎండ్‌తో పక్కపక్కన పెట్టి సరిచూడాలి. వాలే కోణం తక్కువైతే చక్రం పూర్తిగా కిందికి వేలాడి, స్టీరింగ్ పూర్తిగా తిరిగినప్పుడు స్టడ్ మెడ బాడీ అంచుకు ఆనుతుంది. అప్పటి నుంచి అది జాయింట్‌లా పనిచేయదు, వంగుతూ లేస్తూ ఉండే కడ్డీ అవుతుంది; ఆ మెడ దగ్గరే విరుగుతుంది.

టేపర్: ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ

స్టడ్‌ను ఆర్మ్‌లో పట్టి ఉంచేది నట్టు అని చాలామంది అనుకుంటారు. అసలు పట్టు టేపర్‌ది. నట్టు చేసే పని దాన్ని లోపలికి లాగి ఉంచడం వరకే. ఐరోపా కార్లలో మామూలుగా 1:10 టేపర్ ఉంటుంది, అంటే పది మి.మీ. పొడవుకు ఒక మి.మీ. వ్యాసం తగ్గుతుంది. అమెరికా పద్ధతిలో 1:8. కంటితో చూస్తే రెండూ ఒకటే. 15 మి.మీ. పొడవైన టేపర్‌లో ఒకటి 1.5 మి.మీ. తగ్గితే, రెండోది 1.875 మి.మీ. తగ్గుతుంది. తేడా 0.375 మి.మీ. ఇంతే కదా అని బిగిస్తే స్టడ్ ఒక చివర సన్నని రింగులా ఆనుతుంది, రెండో చివర గాలిలో ఉంటుంది. నట్టు ఎంత బిగించినా అది రోడ్డు మీద సూక్ష్మంగా ఊగుతూ రంధ్రాన్ని వెడల్పు చేస్తుంది. అప్పుడు పోయేది ఎండ్ ఒక్కటే కాదు, దొరకని స్టీరింగ్ ఆర్మ్ కూడా.

కొలవడానికి వెర్నియర్ చాలు. స్టడ్ మీద పది మి.మీ. ఎడంగా స్కెచ్ పెన్‌తో రెండు గీతలు గీసి, రెండు చోట్లా వ్యాసం చూడండి. తేడా 1 మి.మీ. వస్తే 1:10, 1.25 మి.మీ. వస్తే 1:8. అదే కొలత మీ పాత స్టడ్ మీద అరగని చోట తీసి పోల్చండి. తర్వాత పెద్ద వైపు వ్యాసం. ఇది కోణం కన్నా ఎక్కువ మోసం చేస్తుంది, ఎందుకంటే 1:10 టేపర్‌లో వ్యాసం 0.3 మి.మీ. తేడా పడితే స్టడ్ 3 మి.మీ. పైకో కిందికో జరుగుతుంది. లావైతే స్టడ్ పూర్తిగా దిగదు. బాల్ ఎత్తు మారి, గతుకు మీద చక్రం లేచినప్పుడల్లా కారు పక్కకు లాగుతుంది. సన్నమైతే ఇంకా ప్రమాదం. స్టడ్ లోపలికి మునిగిపోయి, నట్టు త్రెడ్ చివరికి వచ్చి ఆగిపోతుంది. పానాకు గట్టిగా తగులుతుంది, మెకానిక్ బిగిసిందనుకుంటాడు, టేపర్ మాత్రం పట్టి ఉండదు. స్ప్లిట్ పిన్ రంధ్రం నట్టు కన్నా పైకి వచ్చేసిందని కింద వాషర్ వేసే అలవాటు కొందరికి ఉంది. ఆ వాషర్ అవసరమైందంటేనే స్టడ్ మీ కారుది కాదని తెలుసుకోవాలి.

కొలతలు సరిపోయాక ఆఖరి పరీక్ష రంగుతో. ఆర్మ్ రంధ్రాన్ని, స్టడ్‌ను పెట్రోలుతో తుడిచి ఆరబెట్టండి. స్టడ్ టేపర్ మీద ప్రష్యన్ బ్లూ (ఎక్కడ ఆనిందో చూపే నీలి రంగు ముద్ద) పల్చగా రాసి, రంధ్రంలో పెట్టి నొక్కి, కొద్దిగా తిప్పి తీయండి. రంగు చుట్టూ పరుచుకుని కనీసం మూడొంతుల మేర అంటాలి, పెద్ద వైపు తప్పనిసరిగా అంటాలి. ఒక్క రింగులా అంటితే టేపర్ వేరు. ఒక పక్కనే అంటితే రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయి ఉంది. అలాంటి ఆర్మ్‌లో ఏ ఎండ్ వేసినా ఒకటే. దాన్ని రీమర్‌తో (రంధ్రాన్ని లోపల చెక్కే పనిముట్టు) పెద్దది చేయిస్తామంటే ఒప్పుకోవద్దు, ఎందుకంటే రంధ్రం పెద్దదైతే స్టడ్ మునుగుతుంది. ఆ కథ పైన చెప్పినదే.

త్రెడ్: ఒకే కౌంటర్ మీద రెండు లోకాలు

పద్మినివి మెట్రిక్ త్రెడ్‌లు. అంబాసిడర్ బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశం కాబట్టి పాత మార్క్ మోడళ్లలో అంగుళాల త్రెడ్‌లు. షాపుల్లో రెండు కార్ల నట్లూ ఒకే డబ్బాలో పడి ఉంటాయి. ఎం12 (12 మి.మీ.) స్టడ్‌కు 1.25 మి.మీ. పిచ్ (పన్నుకూ పన్నుకూ మధ్య దూరం), అర అంగుళం యు.ఎన్.ఎఫ్. (అంగుళాల సన్న త్రెడ్) నట్టు పిచ్ 1.27 మి.మీ. పిచ్ దాదాపు ఒకటే కావడంతో అర అంగుళం నట్టు ఎం12 స్టడ్ మీద హాయిగా ఎక్కుతుంది, కాస్త బిగుస్తుంది కూడా. కానీ దాని వ్యాసం 12.7 మి.మీ., స్టడ్ 12. పళ్లు కొసల దగ్గరే తగులుతాయి, గట్టిగా లాగితే ఊడిపోతాయి. నట్టును రెండు మూడు చుట్లు ఎక్కించి పక్కలకు ఊపి చూడండి. గలగలలాడితే అది ఆ స్టడ్‌ది కాదు. కొత్త ఎండ్‌తో వచ్చిన నట్టునే వాడటం అన్నింటికన్నా మేలు.

రాడ్‌లోకి వెళ్లే త్రెడ్ ఒకవైపు కుడి చుట్టు, రెండో వైపు ఎడమ చుట్టు ఉంటుంది. కొనేటప్పుడే రెండు రకాలూ లెక్క చూసుకోండి. రాడ్ లోపలికి దిగే త్రెడ్ పొడవు ఆ త్రెడ్ వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. కొత్త ఎండ్ షాంక్ (రాడ్‌లోకి వెళ్లే కాడ) పాతదాని కన్నా పొట్టిగా ఉంటే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) సరిచేసేటప్పుడు బయటికి తిప్పుకుంటూ పోయి, చివరికి నాలుగైదు పళ్ల మీదే నిలబెడతారు. కౌంటర్ దగ్గరే పాతది పక్కన పెట్టి కొలిస్తే ఈ గొడవ ఉండదు.

బాగుచేయించడం ఎంతవరకు

అరిగిన ఎండ్ అడుగును ప్రెస్‌లో నొక్కించి, పైన ఒక వెల్డ్ చుక్క పెట్టించి "ప్లే తీసేశాం" అనడం ఆటోనగర్లలో పాత పద్ధతి. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు, అందుకే ఇంకా నడుస్తోంది. కానీ బాల్ ఎక్కువగా అరిగేది కారు నేరుగా వెళ్లే స్థితిలో. అడుగు నొక్కితే మధ్యలో బిగుస్తుంది, తిప్పగానే అరగని భాగం వచ్చి పట్టేస్తుంది. వెల్డింగ్ వేడికి లోపలి సీటు మాడుతుంది. నొక్కిన మూత అంచు పగిలితే బాల్ సాకెట్ నుంచి బయటికి వస్తుంది, ఆ చక్రం తన ఇష్టం వచ్చిన వైపు తిరుగుతుంది. ఈ పని ఎంత తెలిసినవాడు చేసినా ఒప్పుకోకండి. మూత మరతో తీసి లోపలి కప్పు, స్ప్రింగ్ మార్చగలిగే పాతకాలం రకం ఎండ్‌ల సంగతి వేరు. వాటిని బాగుచేయడానికే అలా తయారుచేశారు. బాల్ గుండ్రంగా ఉంటే కప్పు, స్ప్రింగ్ మార్చి వాడుకోవచ్చు.

ఐడ్లర్ ఆర్మ్ మాత్రం లేత్ పనికి సరైన చోటు. ఉన్న హౌసింగ్ ఒరిజినల్ ఫోర్జింగ్, మారేది బుష్, అవసరమైతే షాఫ్ట్. గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్ చేయించి, గ్రీజు వెళ్లడానికి లోపల గాడి కొట్టించాలి. ప్రెస్ చేసి దించాక లోపలి కొలతను రీమర్‌తో తేవాలి, ఎందుకంటే దిగినప్పుడు బుష్ కొద్దిగా ముడుచుకుంటుంది. షాఫ్ట్‌కూ బుష్‌కూ మధ్య 0.03 నుంచి 0.05 మి.మీ. ఉంటే చాలు: చేత్తో తిరగాలి, ఊపితే చప్పుడు రాకూడదు. షాఫ్ట్ మీద గోరుకు తగిలే మెట్టు ఉంటే బుష్ ఒక్కటే మార్చడం వృథా. గన్‌మెటల్ బదులు నైలాన్ వేస్తామని కొందరు టర్నర్లు అంటారు. చవక, చప్పుడు ఉండదు. కానీ నైలాన్ తేమ పీల్చి ఉబ్బుతుంది. ఎండాకాలంలో సరిగ్గా ఉన్నది విశాఖపట్నం వానలకు పట్టేస్తుంది. ప్లాస్టిక్కే కావాలంటే డెల్రిన్ అడగండి, అది అంతగా తేమ పీల్చదు. ఐడ్లర్ బిగించాక సెంటర్ రాడ్ రెండు చివరలూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో స్కేలుతో చూడాలి; ఒక పక్క కుంగితే గతుకు మీద రెండు చక్రాలూ రెండు తీర్లుగా తిరుగుతాయి.

తుక్కు కారు నుంచి తెచ్చినవి

రాడ్లకు, డ్రాప్ ఆర్మ్‌కు, స్టీరింగ్ ఆర్మ్‌కు ఇదే మంచి దారి. ఇవి అరిగే వస్తువులు కావు, ఉక్కు అప్పటిది బాగుంటుంది. రెండే భయాలు: వంపు, పగులు.

వంపుకు సాధారణ కారణం ఎవరో రాడ్ కింద జాకీ పెట్టడమో, లాగడానికి దానికే తాడు కట్టడమో. రాడ్‌ను అద్దం పలక మీద దొర్లిస్తే తెలిసిపోతుంది. వంగినదాన్ని గ్యాస్‌తో వేడిచేసి సరిచేసినా, విరిగిన చోట వెల్డ్ చేసినా వాడకండి. త్రెడ్ దగ్గర తుప్పు తిన్నదా అన్నదీ చూడాలి. కొత్తగా లేత్‌లో రాడ్ చేయించడం ఏ దారీ లేనప్పుడే. టర్నర్ చేతికి వచ్చే కడ్డీ ఏ ఉక్కో మీకూ అతనికీ తెలియదు.

పగులుకు డై పెనిట్రెంట్ కిట్ వాడాలి. వెల్డింగ్ సామాను షాపుల్లో మూడు స్ప్రే డబ్బాలుగా దొరుకుతుంది. మొదట క్లీనర్‌తో నూనె, పెయింటు పోయేలా శుభ్రం చేయాలి. ఎర్ర రంగు కొట్టి పావుగంట వదిలేయాలి. గుడ్డతో తుడిచేసి (క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టాలి, పీసు మీద నేరుగా కొట్టకూడదు, పగుల్లోని రంగు కూడా పోతుంది) తెల్ల డెవలపర్ కొట్టాలి. పగులు ఉంటే తెలుపు మీద సన్నని ఎర్ర గీత తేలుతుంది. టేపర్ రంధ్రం చుట్టూ, ఆర్మ్ వంపు తిరిగే చోట, డ్రాప్ ఆర్మ్ స్ప్లైన్ల (షాఫ్ట్ మీద ఎక్కే పళ్ల) మొదట్లో చూడండి. ఎంత సన్నని గీతైనా పీసు తుక్కే. డ్రాప్ ఆర్మ్ విప్పేముందు షాఫ్ట్‌కూ ఆర్మ్‌కూ కలిపి ఒక గుర్తు కొట్టండి. ఒక పన్ను జరిగి ఎక్కితే స్టీరింగ్ ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ తిరుగుతుంది.

ఇక్కడ రెస్టొరేషన్ చేయించేవాళ్లకు ఒక మాట. అన్నీ మెరవాలన్న మోజులో రాడ్లు, ఆర్మ్‌లు క్రోమ్‌కో జింక్‌కో పంపుతుంటారు. ఎలక్ట్రోప్లేటింగ్‌లో గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరుతుంది. ప్లేటింగ్ అయిన వెంటనే గంటల తరబడి ఓవెన్‌లో వేడిచేసి దాన్ని బయటికి పంపకపోతే ఉక్కు పెళుసవుతుంది, ఏ హెచ్చరికా లేకుండా విరుగుతుంది. మామూలు ప్లేటింగ్ షాపులో ఆ బేకింగ్ చేయరు. నల్ల పెయింటు చాలు, అది కూడా టేపర్ రంధ్రంలో పడకుండా. రంధ్రంలో పెయింటో పౌడర్ కోటింగో ఉంటే స్టడ్ దాని మీద కూర్చుంటుంది. వంద కిలోమీటర్లలో ఆ పొర నలిగి రాలిపోతుంది, బిగించిన నట్టు వదులవుతుంది.

వేరే కారు ర్యాక్ అమర్చడం

చిన్న మోడరన్ కారు స్టీరింగ్ ర్యాక్ (వీల్ తిప్పితే పక్కలకు జరిగే పళ్ల కడ్డీ) తెచ్చి పద్మినికి పెడితే ఈ ఎండ్‌ల బాధే ఉండదన్న సలహా వినిపిస్తుంటుంది. ర్యాక్ లోపలి బాల్ జాయింట్ల మధ్య దూరం, వాటి ఎత్తు ఈ కారు సస్పెన్షన్ ఆర్మ్‌ల లెక్కకు సరిపోవు. గతుకు వచ్చినప్పుడల్లా చక్రం తనంతట తానే తిరుగుతుంది. దానికి తోడు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తయారీదారు స్పెసిఫికేషన్‌ను మార్చే మార్పులపై ఆంక్షలున్నాయి. రెండు కారణాలూ పక్కన పెట్టినా, ఆరు మంచి ఎండ్‌లు, ఒక బుష్ ఖర్చు దీనికన్నా తక్కువ.

అంబాసిడర్‌కు మొదటి నుంచీ ర్యాక్ స్టీరింగే కాబట్టి దాని లెక్క సులువు: బయట రెండు ఎండ్‌లు, ర్యాక్ చివర్లలో రెండు బాల్ హౌసింగ్‌లు, రెండు రబ్బరు గేటర్లు. 2014 దాకా తయారైన కారు, కోల్‌కతా మల్లిక్ బజార్‌లో ఇప్పటికీ సామాను ఉంది. దానికి బయటి ఎండ్‌లు కొత్తవే కొనండి. గేటర్ చిరిగితే అదే రోజు మార్చండి, లోపలికి వెళ్లిన మట్టి ర్యాక్ పళ్లనే తినేస్తుంది, ఆ ఖర్చు ఎండ్ ఖర్చుకు ఎన్నో రెట్లు.

బిగించేటప్పుడు

పాతది ఊడదీయడానికి పుల్లర్ వాడండి. పుల్లర్ లేకపోతే నట్టు రెండు చుట్లు వదిలి, ఆర్మ్‌లో స్టడ్ దిగిన రంధ్రం చుట్టూ ఉన్న భాగానికి ఒక పక్క బరువైన సుత్తి ఆనించి రెండో పక్క ఇంకో సుత్తితో కొట్టండి. టేపర్ టక్కున వదులుతుంది. స్టడ్ కొస మీద కొట్టవద్దు, గ్యాస్ కట్టర్ మంట ఆర్మ్ దగ్గరికి రానివ్వద్దు.

కొత్త స్టడ్‌ను పొడిగా, గ్రీజు లేకుండా దించాలి. క్యాజిల్ నట్టును (పిన్ కోసం గాడులున్నది) మాన్యువల్‌లోని టార్క్‌కు బిగించి, రంధ్రం సరిపడకపోతే ముందుకే తిప్పాలి, వెనక్కి వదలకూడదు. స్ప్లిట్ పిన్ ప్రతిసారీ కొత్తది. నైలాక్ (లోపల నైలాన్ రింగున్న) నట్టైతే ఒకసారి తీసినదాన్ని మళ్లీ వాడవద్దు. ఒక ఎండ్ బిగించాక నట్టు మళ్లీ పూర్తిగా తీసి చూడండి. స్టడ్ చేత్తో ఊడొస్తే టేపర్ పట్టలేదు. కొలతల దగ్గరికి తిరిగి వెళ్లాలి. కదలకుండా ఉండి, దింపడానికి పుల్లర్ అడిగితే సరిగ్గా కూర్చుంది, మళ్లీ బిగించి పిన్ వేసేయవచ్చు.

రాడ్ రెండు చివరలా త్రెడ్ బయటికి సమానంగా కనిపించాలి. స్టీరింగ్‌ను ఒక చివరి నుంచి ఇంకో చివరికి తిప్పి చూడండి, చక్రాలు వేలాడుతూ ఒకసారి, నేల మీద ఒకసారి. రాడ్లు బ్రేకు హోస్‌కు గానీ, క్లాంప్ బోల్టు ఫ్రేముకు గానీ ఎక్కడా తగలకూడదు. గ్రీజు ఎన్.ఎల్.జి.ఐ. 2 (గ్రీజు చిక్కదనం గ్రేడు) లిథియం రకం. గన్‌తో బూట్ కొద్దిగా ఉబ్బేదాకా ఎక్కించి ఆపేయాలి. ఇంకా నొక్కితే బూట్ అంచు లేచి, లోపలికి నీరు వెళ్లే దారి మనమే తెరిచినట్టు.

ఎండ్ మార్చాక టో తప్పకుండా చూడాలి. పాతది ఎన్ని చుట్లు తిరిగి వచ్చిందో లెక్కపెట్టి కొత్తది అన్నే చుట్లు ఎక్కించడం షాపు దాకా కారును తీసుకెళ్లడానికి మాత్రమే పనికొస్తుంది. స్టీరింగ్ ఆర్మ్ 130 మి.మీ., రిమ్ 360 మి.మీ. అనుకుంటే, సైడ్ రాడ్ పొడవు ఒక మి.మీ. మారితే రిమ్ దగ్గర టో దాదాపు 2.8 మి.మీ. మారుతుంది. 1.5 మి.మీ. పిచ్ ఉన్న ఎడమ కుడి త్రెడ్ రాడ్‌ను ఒక చుట్టు తిప్పితే పొడవు 3 మి.మీ. మారుతుంది. అంటే పావు చుట్టు కూడా లెక్కలోకి వస్తుంది. అలైన్‌మెంట్ షాపు కంప్యూటర్‌లో పద్మిని లేకపోతే మాన్యువల్‌లోని అంకె మీరే చెప్పండి, మీ కారుకు దగ్గరగా ఉందని వేరే మోడల్ అంకె పెట్టనివ్వకండి. సర్దుబాటు రెండు సైడ్ రాడ్లనూ సమానంగా తిప్పి చేయాలి. ఒక్కదాన్నే తిప్పితే టో వస్తుంది కానీ స్టీరింగ్ వీల్ వంకరగా నిలబడుతుంది, అప్పుడు వీల్ ఊడదీసి తిప్పి పెడతారు, బాక్స్ నడుమ స్థానం తప్పిపోతుంది. కొలిచేముందు కారును రెండు మూడు మీటర్లు ముందుకు దొర్లించి ఆపాలి. వెనక్కి తోసి కొలిస్తే రాడ్లలోని సందు అటు వైపు చేరి అంకె తప్పు వస్తుంది. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కిందికి దూరి ఆరు నట్లనూ, లాక్ నట్లనూ, బూట్లనూ ఒక్కొక్కటిగా చేత్తో తడిమి చూడండి.